ఎడ్వర్డు సంగతి కాస్త కూర్చుని మాట్లాడుకుందాం

ఇటు రా బిడ్డా. చెప్పులు అక్కడ విడిచి ఈ అరుగు మీద కూర్చో. కాలేజీకి టైముందని నాకు తెలుసు. నల్లా రావడానికి ఇంకో అరగంట ఉంది. నల్లా వచ్చిందంటే ఇక నేను చెప్పేదీ ఉండదు, నువ్వు వినేదీ ఉండదు. అందుకే ఇప్పుడే చెప్పేస్తాను.

నిన్న సాయంత్రం నువ్వూ, ఎదురింటి ఆపా మనవరాలూ ఇదే మెట్టు మీద కూర్చుని ఒకటే వాదులాట. లోపల చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ అంతా విన్నాను. ఎడ్వర్డు లాంటి ప్రేమికుడు లోకంలోనే లేడని నువ్వు. అర్ధరాత్రి కిటికీలోంచి దూరి, ఆడపిల్ల నిద్రపోతుంటే గుడ్లప్పగించి చూసేవాణ్ణి ప్రేమికుడనరు, షీ టీమ్స్‌కి పట్టిస్తారని ఆ పిల్ల. మీ గొంతులు లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి గుడిదాకా వినిపించి ఉంటాయి. ఆఖరికి నువ్వు మొహం ముడుచుకుని లోపలికొచ్చి, అన్నం తినకుండా పడుకున్నావు. మధ్యలో అన్నం ఏం చేసిందే పాపం?

కథలో కుర్రాణ్ణి ఎవరో ఒక మాటంటే నీకెందుకంత ఉక్రోషం అని అడుగుదామనుకున్నాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే నీ వయసులో నేను రాజశేఖరం కోసం ఇలాగే అన్నం మానేసి పడుకున్నాను. రాజశేఖరం ఎవరంటావా? వస్తా, అక్కడికే వస్తా. ముందు నీ పుస్తకం సంగతి కానీ.

ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చుకున్నావే, ట్విలైట్ పుస్తకాలు, ఆ నాలుగూ నేను చదివాను. అవునే, నాలుగూ. మొదటిదాని నల్లట్ట మీద రెండు చేతుల్లో ఎర్రటి ఆపిల్ పండు, ఔనా? నువ్వు ఒక్కోటీ రాత్రికి రాత్రి మింగేశావు. నాది తెలుగు పంతులమ్మ ఇంగ్లీషు. కళ్లజోడు ఒక పక్క, డిక్షనరీ ఒక పక్క. బోనాల ముందు మొదలుపెడితే బతుకమ్మ నాటికి అయ్యాయి. నువ్వు మింగావు, నేను నమిలాను. అంతే తేడా. అందుకే కాస్త రుచి నాకు తెలిసింది, కాస్త రాయీ నాకే తగిలింది.

ముందు రుచి చెప్తాను. తిట్టడానికే పిలిచిందనుకుంటావు, కాదు.

ఆ రాసినావిడ, స్టెఫనీ మేయర్, అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ముగ్గురు మగపిల్లల తల్లి. 2003 జూన్ 2న ఆమెకు ఒక కలొచ్చిందట. అడవి మధ్య పచ్చికలో ఒక మామూలు పిల్లా, రక్తం తాగే జాతి కుర్రాడూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఎండ పడితే వాడి ఒళ్లు మెరుస్తోంది. లేచి, పిల్లల పనులు చూసుకుంటూనే ఆ కల రాసుకుంది, మూడు నెలల్లో నవల చేసింది. 2005లో అచ్చయింది. 2008 కల్లా నాలుగు భాగాలూ వచ్చాయి, ఆ ఏడు చివర్లోనే సినిమా కూడా. లోకం మొత్తం మీద పది కోట్ల ప్రతులు దాటి అమ్ముడయ్యాయి. ఇంట్లో ఆడది కాగితం ముందేసుకు కూర్చుందంటే ముందు అంట్లు పిలుస్తాయి, తర్వాత పిల్లలు పిలుస్తారు, ఆఖరికి ఆకలైందని మొగుడు పిలుస్తాడు. అది తెలిసినదాన్ని, ఆవిణ్ణి తేలిగ్గా ఒక మాట అనలేను. స్టీఫెన్ కింగ్ అని దెయ్యాల కథలకు పేరుమోసిన పెద్దాయన, 2009లో ఆవిడకు బాగా రాయడం చేతకాదన్నాడు. అయ్యుండొచ్చు. ఇంగ్లీషు వాక్యాన్ని తూచే త్రాసు నా దగ్గర లేదు. కానీ ఇన్ని దేశాల ఆడపిల్లలు దిండు కింద దాచుకుని మరీ చదివారంటే, వాళ్ల గుండెకు తగిలింది ఏదో ఉండి ఉంటుంది కదా?

అదేమిటో నాకు మూడో వారంలో తెలిసింది. అది నిగ్రహం.

చూడు, ఎడ్వర్డుకు తను ప్రేమించే పిల్ల బెల్లా రక్తం అంటే మిగతా అందరి రక్తం కంటే ఎక్కువ ఆకలి. పట్టుకుంటే ఆపేవాడు లేడు. అయినా ఆగుతాడు. వాళ్ల కలెన్ కుటుంబం మొత్తం అంతే. మనుషుల జోలికి పోకుండా అడవి జంతువులతో కడుపు నింపుకుంటారు, పైగా మేం శాకాహారులం అని తమాషాకి చెప్పుకుంటారు. శ్రావణమాసం రాగానే మన గల్లీలో సగం ఇళ్లవాళ్లు మాంసం మానేసినట్టు, వాళ్లది బతుకంతా శ్రావణమాసమే. విస్తట్లో అన్నం ఉంది, కడుపులో ఆకలి ఉంది, చెయ్యి మాత్రం ముందుకు పోదు. అఫ్జల్‌గంజ్‌లో కిక్కిరిసిన బస్సెక్కి, ఒళ్లు దగ్గర పెట్టుకుని, పుస్తకాల సంచీ గుండెకు అదుముకుని నిలబడ్డ ఏ ఆడపిల్లకైనా, బలం ఉండీ చెయ్యి వెనక్కి తీసుకునే మగవాడంటే ఎంత ముచ్చటో నాకు చెప్పక్కర్లేదు. ఆ బస్సుల్లోనే ముప్ఫై ఏళ్లు బడికి తిరిగాను. నీకు ఆ కుర్రాడు నచ్చింది అందుకే అయితే, నీలో వంక పెట్టేందుకు ఏమీ లేదు.

ఇంకో మాట కూడా అనేస్తాను. ఆడపిల్లలు చదివే పుస్తకమంటేనే లోకానికి ఎక్కడలేని బెంగ. చెడిపోతారు, ఊహల్లో తేలిపోతారు, సంసారాలు చెయ్యరు. మా రోజుల్లోనూ ఇదే పాట. మరి మగపిల్లలు చూసే సినిమాల్లో హీరో ఆ అమ్మాయి వెంట కాలేజీదాకా, గుడిదాకా, ఇంటిదాకా పడి పడి, చివరికి ఔననిపించుకుంటాడు. దాని మీద ఏ అరుగు మీదా పంచాయితీ జరగదు. చప్పట్లు కొట్టి బయటికొచ్చి చాయ్ తాగుతారు. బెంగ పడితే ఇద్దరి గురించీ పడాలి.

సరే, ఇప్పుడు పంటి కింద రాయి.

మీ ఎడ్వర్డు 1901 జూన్‌లో షికాగోలో పుట్టాడు. సుల్తాన్‌బజార్‌లో నిన్ను తీసుకెళ్లానే, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, అది పుట్టింది అదే 1901 సెప్టెంబరు 1న. అంటే మన భాషా నిలయం కంటే వాడు రెండు నెలలు పెద్ద. 1918లో ఆ మాయదారి ఫ్లూ జ్వరం లోకమంతా తిరిగింది, మన దేశంలోనే కోటిమందికి పైగా పోయారు. ఆ జ్వరంలో చావబోతుంటే డాక్టరు కార్లైల్ వాణ్ణి కొరికి తన జాతిలో కలుపుకున్నాడు. మన ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిన ఏడది. అప్పట్నుంచీ వాడికి పదిహేడే. పదిహేడేళ్ల పిల్లకి వాడు తోటి పిల్లాడని నువ్వనుకుంటున్నావు. నాకు మాత్రం భాషా నిలయమే లేచొచ్చి కాలేజీ పిల్ల వెంట పడుతున్నట్టుంది. నవ్వకు. వందేళ్ల అనుభవం ఉన్నవాడి మాట ముందు పదిహేడేళ్ల పిల్ల మాట ఎంతసేపు నిలుస్తుంది? నాకేది మంచిదో వాడికే తెలుసు అనుకోవడం ఎంత తేలిక? ఆ పిల్ల అదే అనుకుంది.

ఇప్పుడు బండి సంగతి చెప్తాను. ఎదురింటి పిల్ల కిటికీ పట్టుకుని వేలాడింది. నా మనసు మాత్రం కిటికీ దగ్గర కాదు, బండి దగ్గర ఆగింది.

మొదటి భాగంలో, ఫోర్క్స్ అనే ఆ వాన ఊళ్లో ఒక పొద్దున రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉంటుంది. బెల్లా తన పాత ట్రక్కు నడుపుకుంటూ బడికెళ్తుంది. జారకుండా ఎలా వచ్చానబ్బా అని దిగి చూసుకుంటే, టైర్లకు గొలుసులు బిగించి ఉన్నాయి. వాళ్ల నాన్న చార్లీ, పోలీసాయన, పిల్ల లేవకముందే చలిలో లేచి, చప్పుడు కాకుండా చక్రాలకు గొలుసులు కట్టి తన పనికి తాను వెళ్లిపోయాడు. ఒక్క మాట చెప్పలేదు. ఆ పిల్లకు గొంతులో ఏదో అడ్డుపడినట్టవుతుంది. అంతలో ఇంకో బండి అదుపు తప్పి మీదికి రావడం, ఎడ్వర్డు చేతులడ్డం పెట్టి ఆపడం. ఇక చార్లీ ఎవరికి గుర్తుంటాడు? నీకు గుర్తున్నాడా? నిజం చెప్పు. లేడు. నువ్వు ఆ పేజీ ఆగమాగం తిప్పేశావు.

ఇప్పుడు మూడో భాగానికి రా. తన స్నేహితుడు జేకబ్ దగ్గరికి వెళ్దామని బెల్లా అదే ట్రక్కు ఎక్కుతుంది. తాళం తిప్పితే ఇంజను పలకదు. పక్కకు చూస్తే ఎడ్వర్డు కూర్చుని ఉన్నాడు, చేతిలో ఇంజనులోంచి పీకిన చిన్న ముక్క. నువ్వు అక్కడికెళ్తే ప్రమాదం, అందుకే ఊడదీశాను అంటాడు, చాలా మెత్తగా.

అదే బండి బిడ్డా. వేరే బండి కాదు. ఒకడేమో పిల్ల క్షేమంగా వెళ్లాలని చక్రాలకు గొలుసు కట్టాడు. ఇంకొకడు పిల్ల వెళ్లకూడదని ఇంజను ఊడదీశాడు. ఇద్దరూ ప్రేమతోనే చేశామన్నారు. నువ్వు రెండోవాడి కోసం అన్నం మానేసి పడుకున్నావు.

తొందరపడకు, వాడి వైపు కూడా చెప్తాను. తర్వాత తప్పు తెలుసుకుంటాడు. వెళ్లనిస్తాడు, తనే తీసుకెళ్లి పొలిమేర దగ్గర దింపుతాడు కూడా. ఔను. నిన్న నువ్వు ఎదురింటి పిల్లకు చెప్పాల్సిన జవాబు అదే, కానీ నీకు కోపంలో తట్టలేదు. గబగబా చదివినవాళ్లకు తమ వాదన కూడా చేతికందదు.

మా చిన్నప్పుడు మాకూ ఒక పిశాచి ఉండేవాడు. బేతాళుడు. చందమామ పత్రిక 1947 జూలైలో మొదలైంది, నేను చదవడం నేర్చేసరికి ఇంటింటా ఉండేది. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ చూసే ఉంటావు. చేతిలో కత్తి, భుజాన శవం, శ్మశానంలో నడిచే విక్రమార్కుడు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలోనే ఉన్నాయి ఆ బేతాళ కథలు. 1870లో బర్టన్ అనే దొర వాటిని ఇంగ్లీషులో రాసి, విక్రమార్కుడూ వాంపైరూ అని పేరు పెట్టాడు. అంటే డ్రాక్యులా అచ్చయిన 1897 కన్నా ఇరవై ఏడేళ్ల ముందే మన బేతాళుడు వాళ్ల దృష్టిలో వాంపైరే అయ్యాడన్నమాట. మరి మనవాడు ఎవరి మెడా కొరకడు. ఏం చేస్తాడు? కథ చెప్తాడు. చెప్పి, ఆఖర్న ప్రశ్న వేస్తాడు. ఈ ముగ్గురిలో ఎవరిది నిజమైన త్యాగం? ఈ ఇద్దరిలో ఎవరు తప్పు చేశారు? తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది.

మేమంతా మా పుట్టింటి అరుగు మీద కూర్చుని, ఆ ప్రశ్న దగ్గర పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టేవాళ్లం. విక్రమార్కుడి జవాబు చూడకుండా ముందు మన జవాబు చెప్పాలి. మా అన్న ఒకటనేవాడు, నేనొకటనేదాన్ని, మీ ముత్తాత బీడీ కాల్చుకుంటూ ఇంకొకటి. అప్పుడు చెయ్యి తీసి చదివితే ఒక్కోసారి రాజు జవాబు కంటే మాదే బాగుండేది. కథ విన్నాక తీర్పు చెప్పడం కూడా చదవడంలో భాగమేనని మాకు ఎవరూ పాఠం చెప్పలేదు, ఆ పిశాచే నేర్పాడు.

నీ పిశాచి ప్రశ్న అడగడే. కళ్లలోకి చూస్తాడు, మెరుస్తాడు, పియానో వాయిస్తాడు. ఇంక నీకు తీర్పు ఎక్కడ గుర్తొస్తుంది? అందుకే ఆ ప్రశ్న నువ్వే వేసుకోవాలి. పుస్తకం మూసి పక్కన పెట్టేయడం కాదు, కాసేపు భుజాన మొయ్యి. బరువు తెలుస్తుంది. గొలుసు కట్టినవాడిదా, ఇంజను పీకినవాడిదా ప్రేమ? చెప్పు. తెలిసీ చెప్పకపోతే తల పగలదులే, నేను అలాంటి శాపాలు పెట్టను. కానీ చెప్పు.

ఇప్పుడు రాజశేఖరం.

మా అక్క అరవైల్లో జ్యోతి మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ సీరియలుగా వస్తుంటే, నెలనెలా పేజీలు కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచింది. తను పెళ్లయి వెళ్తూ ఆ కట్ట నాకిచ్చింది. అందులో హీరో రాజశేఖరం. ఎత్తు, ఠీవి, డబ్బు, పడవలాంటి కారు, కాస్త పొగరు. నీ ఎడ్వర్డుకు వెండిరంగు వోల్వో ఉందే, అదే అన్నమాట. కారు మారింది గానీ కథ పెద్దగా మారలేదు. తర్వాత 1976లో దాన్ని నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా కూడా తీశారు, కానీ నా రాజశేఖరం ముందు ఆ నాగేశ్వరరావు కూడా నాకు ఆనలేదు. అంత పిచ్చి.

ఆ పిచ్చితోనే మీ తాతకు భార్యనై వచ్చాను. పంతొమ్మిదేళ్లు నాకు, డిగ్రీ సగంలో ఉంది. ఛత్తాబజార్‌లో పెళ్లిపత్రికలు అచ్చేసే ప్రెస్సులో కంపోజిటరు ఆయన. సీసం అక్షరాలు ఒక్కోటీ ఏరి పేర్చడం, తెలుగు, ఇంగ్లీషు. ఉర్దూ మాత్రం కాతిబు సాహెబు చేత్తో రాసిచ్చేవాడు. ఊళ్లో అందరి పెళ్లిళ్లకూ బంగారు అక్షరాలు వేసే మనిషి, ఇంటికి గోళ్లనిండా సిరాతో వచ్చేవాడు. పాత సైకిలు. శాలిబండ ఎత్తు ఎక్కలేక దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. మాట తక్కువ. నా కళ్లలోకి చూసి ఒక్క డైలాగు చెప్పిన పాపాన పోలేదు. చేతులు రెండుసార్లు కడుక్కుంటే గానీ కంచం పెట్టేదాన్ని కాదు. సైకిలు వెనక కూర్చోమంటే, నడిచొస్తానని మొహం తిప్పుకునేదాన్ని. ఒకసారి, మీ అమ్మ కడుపులో ఉంది అప్పుడు, అనేశాను కూడా. మీకు ప్రేమించడం తెలియదండీ అని. ఏమీ అనలేదు. చెంబుతో నీళ్లు తాగి వెళ్లి పడుకున్నాడు.

ఆ తర్వాత నెలకేమో, ట్రంకు పెట్టె తెరిస్తే నా కట్ట లేదు. సెక్రటరీ లేదు. ఇల్లంతా పీకి పందిరేశాను. చిత్తు కాగితాలకు అమ్మేశారా అని ఆయన మీద విరుచుకుపడ్డాను. సైకిలు హ్యాండిలుకు తగిలించిన సంచీలోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. ఆ పేజీలన్నీ వరసగా సర్ది, చివికినచోట పల్చటి కాగితం అంటించి, దారంతో కుట్టి, మైదా జిగురు పెట్టి, గట్టి అట్ట వేసి బైండు చేశాడు. వెన్ను మీద నా పేరు, సీసం అక్షరాలతో అచ్చుగుద్ది. మధ్యాహ్నం అన్నం తినే వేళల్లో కూర్చుని చేశాడట. ప్రెస్సులో ఇంకొకాయన చెప్తే తెలిసింది, ఈయన చెప్పలేదు.

అప్పుడైనా కరిగానా? లేదు. నన్నడక్కుండా నా కాగితాలు ఎందుకు ముట్టుకున్నారు అన్నాను. అంత తెలివి నాది. తనకు పోటీగా నేను పుట్టింటి నుంచి పెట్టెలో పెట్టుకు తెచ్చుకున్న మగవాణ్ణి, ఆ మనిషి తన చేతుల్తో కుట్టి, అట్ట వేసి నా ఒళ్లో పెట్టాడే అన్న సంగతి నాకు తోచడానికి పదేళ్లు పట్టింది. పదేళ్లు, బిడ్డా. నీ వయసులో సగం కన్నా ఎక్కువ. తప్పు యద్దనపూడి గారిది కాదు. ఆవిడ చక్కగా రాశారు, లక్షలమందికి చదవడం అలవాటు చేశారు, 2018లో పోయినప్పుడు నేను ఇంట్లోవాళ్లు పోయినట్టే ఏడ్చాను. తప్పు నాది. నేను మింగాను, నమల్లేదు.

అందుకే నీ పుస్తకం మానెయ్యమనను. మానెయ్యమంటే నువ్వు ఫోనులో చదువుతావు, అది మరీ కళ్లకు చేటు. రాత్రి పన్నెండు దాటాక మాత్రం చదవకు. ఆ వేళ ప్రతి కుర్రాడూ మెరుస్తూనే కనిపిస్తాడు. పుస్తకం ముగించిన రాత్రి ఎవరికీ మెసేజీలు పెట్టకు, ఏ నిర్ణయాలూ చేసుకోకు. తెల్లారనీ. ఒక పూట అన్నం తిని, నలుగురితో మాట్లాడాక, అప్పుడు చూడు.

రెండో భాగంలో వాడు వదిలేసి వెళ్తే, అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి అని నెలల పేర్లు తప్ప పేజీల్లో ఇంకేం ఉండదు చూశావా? నాకు అది చాలా నచ్చింది. దుఃఖాన్ని రాయకుండా రాసింది. కానీ ఆ ఖాళీ పేజీల్లో ఆ చార్లీ ఏం తిన్నాడు? రాత్రిళ్లు పిల్ల కేకలు పెడుతుంటే గుమ్మం దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డాడు? నువ్వు ఆ పేజీలు రెండు సెకన్లలో తిప్పేశావు. నాకు రెండు రోజులు పట్టింది.

పెళ్లి సంగతీ అంతే. పంతొమ్మిది నిండకముందే పెళ్లి, ఆ వెంటనే కడుపు, కాన్పు ప్రాణం మీదికి. మాకు పెద్దవాళ్లు తొందరపడి చేశారు, మీరేమో మీరే తొందరపడి చేసుకుంటామంటారు. ఆ జేకబ్ అయితే మరీ, అప్పుడే పుట్టిన పసిగుడ్డును చూసి ఇదే నా బతుకు అనుకుంటాడు. మన ఇళ్లల్లో ఆడపిల్ల పుట్టీపుట్టగానే మేనమామకు ఇచ్చేస్తామని మాటనుకునే అలవాటును వదిలించుకోడానికి మా తరం ఎన్ని తిట్లు తిన్నదో మీకు తెలీదు. అది అమెరికా చుట్టి ఇంగ్లీషులో మళ్లీ నీ చేతికొచ్చింది.

నా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతి, పేరెందుకులే, డిగ్రీలో చేరాక ఒక కుర్రాడితో స్నేహమైంది. ఎక్కడున్నావ్, ఎవరితో ఉన్నావ్, ఫొటో పెట్టు, లైవ్ లొకేషన్ పెట్టు. నా మీద ఎంత ప్రేమో టీచర్ అని మురిసిపోతూ నాకే చూపించింది. మూడో సెమిస్టరుకు కాలేజీ మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదట, తనే మానేసిందట, గొడవలెందుకని. ఇంజను ముక్క అంటే ఇనుపదే కానక్కర్లేదు బిడ్డా. ఆ పిల్లకు నేను అప్పుడే ఈ మాట చెప్పి ఉండాల్సింది. మురిసిపోతోంది కదా అని ఊరుకున్నాను.

మీ మేయర్ గారి మీద నాకు గౌరవం పెరిగింది ఎక్కడో తెలుసా? బెల్లా ఎప్పుడూ ఆపదలో పడి రక్షించమనే బొమ్మలా ఉందని అందరూ అంటుంటే, పదేళ్లయ్యాక, 2015లో, అదే కథ ఆడా మగా తిరగేసి రాసింది. అమ్మాయి వాంపైరు, అబ్బాయి మామూలువాడు. తన కథకు తానే బేతాళ ప్రశ్న వేసుకుంది చూడు. నువ్వూ అది చెయ్యొచ్చు. ఎడ్వర్డు పేరు తీసేసి, ఆ చివరింటి మేడ మీద గాలిపటాలెగరేసే కుర్రాడి పేరు పెట్టి చదువు. నచ్చిందా, మంచిదే. ఒళ్లు జలదరించిందా, అదీ మంచిదే.

ఎదురింటి పిల్లతో మాత్రం మాట్లాడు. నిన్నటిది మనసులో పెట్టుకోకు. వాళ్ల నానమ్మ, మన ఆపా, ఇబ్నె సఫీ జాసూసీ దునియా చదివి చదివి వాళ్లమ్మ చేత దెబ్బలు తిన్న మనిషి. ఆవిడ హంతకుణ్ణి పట్టుకునేది, నేను రాజశేఖరాన్ని పట్టుకునేదాన్ని, ఇద్దరం ఇదే మెట్టు మీద యాభై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నాం. అన్నం మాత్రం ఎప్పుడూ మానలేదు. పైగా 2020లో వచ్చిన ఐదోది, ఎడ్వర్డు వైపు నుంచి చెప్పిన మిడ్‌నైట్ సన్, ఆ పిల్ల దగ్గర ఉందట. బెల్లాను చూసిన మొదటిరోజే, ఆ రక్తం కోసం క్లాసులో ఉన్న పిల్లలందర్నీ చంపేద్దామా అని లెక్కలేసుకుంటాడట మీ నిగ్రహమూర్తి. చేయలేదులే. కానీ నాకు చదవాలనుంది. అడిగి తీసుకురా. అడగడానికి నీకు నామోషీ అయితే నేనే అడుగుతాను.

లోపల బీరువా పైన ఎర్రట్ట పుస్తకం ఉంటుంది, తీసుకురా, చూపిస్తాను. జాగ్రత్త, వెన్ను పట్టుకుని ఎత్తకు. ఇదిగో. అక్షరాల మీద బంగారు రంగు పోయింది గానీ కుట్టు ఒక్కటి వదల్లేదు చూడు. ఇక్కడ, ఈ మూల, బొటనవేలి ముద్ర. సిరా. అప్పట్లో ఇది చూసి కూడా విసుక్కున్నాను.

అదిగో, నల్లా వచ్చింది. ఆ బిందె ఇటందుకో. తడి చేత్తో పుస్తకం ముట్టుకోకు, ఆ మెట్టు మీద పెట్టి రా.